లస్మవ్వ కొలతాడు

హుస్నాబాద్ సంతకు మనుషులు వచ్చే పల్లెల్లో ఎర్రగుంటపల్లి పేరు చాలామందికి తెలియదు. తెలియకపోతే అది వాళ్ళ ఖర్మ. బొంబాయిలో నాలుగంతస్తుల మేడ, ఏడంతస్తుల మేడ, పదకొండంతస్తుల మేడ, ఆఖరుకు ఇరవై రెండంతస్తుల మేడ, ఈ నాలుగింటి నెత్తి మీదా నిలబడిన ఆడమనిషి ఎర్రగుంటపల్లి లస్మవ్వ. ఆ మేడల్లో కాపురముండేవాళ్ళు లిఫ్టులో ఎక్కారు. ఆమె లిఫ్టు రాకముందు, గోడలైనా లేవని రోజుల్లో, వెదురు బొంగుల మీద ఎక్కింది. హుజూరాబాద్ దాకా వెతికినా అట్లాంటి మనిషి ఇంకొకతె ఉంటే పేరు చెప్పమనండి, విందాం.

ఆమె ఎడమ భుజం కొంచెం కిందికి జారి ఉండేది. చూసినవాళ్ళు బొంబాయిలో మేడ మీద నుంచి పడిందేమో అనుకునేవాళ్ళు. కానే కాదు. ఆ దెబ్బ మా ఊళ్ళోనే, గడి మెట్ల దగ్గర తగిలింది.

గడి అంటే మా ఊరి దొర కట్టించుకున్న రెండంతస్తుల రాతి ఇల్లు. నిజాం కాలంలో ఊళ్ళో ఎవరి ఇంటి కప్పూ గడి కిటికీ ఎత్తు దాటకూడదు. దాటితే మర్నాటికి ఆ ఇల్లు ఉండేది కాదు. పోలీసు యాక్షన్ తరువాత దొర హైదరాబాదుకు మకాం మార్చాడు. తలుపులు, దూలాలు ఎవరికి దొరికినవి వాళ్ళు పట్టుకుపోయారు. గోడ వెంబడి మిద్దె మీదికి పోయే రాతి మెట్లు మాత్రం మిగిలాయి. ఆ మెట్లకు ఒక పక్క గోడ, రెండో పక్క ఉత్త గాలి. దొర పోయి పదమూడేళ్ళయినా ఆ మిద్దె ఎవరూ ఎక్కలేదు. ఎక్కవద్దని చెప్పేవాడు లేడు, అయినా ఎక్కలేదు.

లస్మవ్వ మొగుడు హనుమండ్లు బొంబాయిలో ముకద్దం, అంటే మేడల పనికి మనుషుల్ని కుదిర్చి, వాళ్ళ చేత పని చేయించేవాడు. ఆ ఎండాకాలం పెళ్ళాంతో కలిసి ఊరికి వచ్చి, గడి ముందర వేపచెట్టు నీడలో ఆడవాళ్ళందరినీ పిలిచాడు.

"దేశం మొత్తంల గంత ఎత్తు మేడ లేదంట. ఇరవై రెండు అంతస్తులు. దాని మీదికెల్లి చూస్తే సముద్రంల ఓడ చీమ లెక్క కనవడ్తది. మన ఊరి ఆడోళ్ళను పెడ్తనని మాటిచ్చిన" అన్నాడు.

జేబులోంచి నూలుతాడు ఉండ తీశాడు. ఒక్కొక్కరినీ గడి గోడకు ఆనించి నిలబెట్టాడు. లస్మవ్వ వంగి తాడు కొస మడిమ దగ్గర పట్టుకుంది. అతను తల మీదికి లాగి, అక్కడ ముడి వేసి, తెంపి సంచిలో వేశాడు.

"రైక కుట్టిస్తవా ఏంది బావా, గింత కొలుస్తున్నవ్?" అంది ఒకతె.

"రైక కాదు, పట్టుచీర. మెడ నిక్కియ్యకు, కొంగ లెక్క!"

"నేనేం తక్కువున్ననని అవతలికి పొమ్మన్నవ్?" అని ఇంకొకతె తగువుకు దిగింది.

"జర పొట్టిగున్నవ్ వదినె. ఏం ఫికర్ చెయ్యకు, వచ్చే ఏడాది చూద్దాం."

"గిది దేనికి కొలుస్తున్నవో చెప్పరాదు?"

"మీకెందుకే? బొంబాయి వచ్చినంక మీకే తెలుస్తది."

లస్మవ్వ మొగుడి చెవి దగ్గరికి వచ్చి, "చెప్తే ఏం పోతది? చెప్పు" అంది.

"చెప్తే అందరు మడిమెలు ఎత్తి నిలబడ్తరు. పోయినసారి గట్లనే మోసపోయిన" అని అతను కసిరాడు. అతనికి పని వచ్చు, మాట రాదు. ఆ రోజు జరిగిన దానికంతా మూలం ఆ ఒక్క మాట చెప్పకపోవడమే.

ఆఖరున నిలబడ్డది గట్టయ్య పెళ్ళాం నాగవ్వ. సన్నగా, ఒడ్డూ పొడుగూ సరిగ్గా ఉండే పిల్ల. కొలత కుదిరిందనగానే చప్పట్లు కొట్టింది. ఆమెతో ఇరవై రెండుమంది అయ్యారు.

ఇదంతా దూరాన అరుగు మీద కూర్చుని పోశం చూస్తున్నాడు. ఊళ్ళో ఎవరు పోయినా గుంత తవ్వేది ఆయనే. నోట్లో చుట్ట ఆరిపోయినా మళ్ళీ వెలిగించుకోలేదు. లస్మవ్వ తల ఎత్తినప్పుడల్లా ఆయన చూపు తాడు మీదే ఉంది. ఆమెకు లోపల ఎక్కడో గుచ్చుకుంది కానీ, పని తొందరలో ఆ సంగతి వదిలేసింది.

ఎండ నడినెత్తికి వచ్చిన వేళ లస్మవ్వ ఎర్రగుంటలో బట్టలు పిండుతుండగా, ఊరివైపు నుంచి కేకలు వినిపించాయి. కొమురవ్వ గొంతు. కొమురవ్వ అంటే గట్టయ్య తల్లి, నాగవ్వ అత్త. "నా కోడల్ని మింగిండ్రో!" అని ఏడుస్తోంది. లస్మవ్వ తడిబట్టలు అక్కడే వదిలి పరుగెత్తింది.

కొట్టంలో గడ్డి తీస్తూ నాగవ్వ దబ్బున పడిపోయిందట. కళ్ళు తేలేసింది, పళ్ళు కరుచుకుపోయాయి. నీళ్ళు కొట్టినా లేవలేదు. అప్పుడు పోశం నోరు తెరిచాడు.

"నలభై ఏండ్ల సంది కొలుస్తున్న నేను. తల కాడికెల్లి మడిమె దాక తాడు వట్టి కొలిచేది పీనుగునే. గుంత ఎంత తవ్వాల్నో తెలువనీకి. బతికున్న మనిషిని ఎన్నడన్న కొలిచిన్నా? కొలుస్తరా ఎవలన్న?"

ఇంకొకడు జమ్మికుంట పత్తి మార్కెట్లో విన్న ముచ్చట ఎత్తాడు. పెద్ద వంతెనలూ, పెద్ద మేడలూ బలి ఇవ్వనిదే నిలబడవట. మనిషి కొలత తాడు తీసుకుపోయి పునాదిలో వేస్తే చాలట, మనిషి ఇంటి దగ్గరే పడిపోతాడట.

"ఇరవై రెండు అంతస్తులన్నడు" అన్నాడు గట్టయ్య, ముఖంలో నెత్తురు చుక్క లేకుండా. "ఇరవై రెండు మందినే కొలిచిండు."

ఇంకేముంది? లస్మవ్వ వచ్చేసరికి హనుమండ్లును గడి దర్వాజా రాతిస్తంభానికి పశువులను కట్టే తలుగుతో కట్టేశారు. నుదుటి మీద రాయి తగిలి నెత్తురు కంట్లోకి కారుతోంది. గట్టయ్య చేతిలో రోకలి ఉంది.

"తాళ్ళ సంచేది?"

"ఇయ్య. గవి పోతే మళ్ళ అందర్ని కొలవాలె."

ప్రాణం మీదికి వచ్చినా పని మాటే అతని నోట. గుంపు ఒక్కసారిగా ముందుకు తోసుకొచ్చింది.

"మళ్ళ కొలుస్తడంట! కాళ్ళిరుగ్గొట్టు గట్టిగా! బొంబాయి ఎట్ల పోతడో చూద్దాం!"

రోకలి లేచింది. లస్మవ్వ వెళ్ళి మొగుడి మోకాళ్ళకు అడ్డంగా నిలబడింది.

"కొట్టు తమ్మీ. ముందు నా కాళ్ళు కొట్టు. తాడు మడిమె కాడ వట్టుకున్నది నేను."

గట్టయ్య చేయి ఆగింది. ఆమె సంచి తెచ్చి అందరి ముందూ పెట్టింది. సంచి మూతి కట్టిన తాడు విప్పి పైకెత్తింది. అది పాతబడి నల్లగా మాసిన నూలుతాడు.

"పోశం మామా, నీ కొలతాడు ఏం చేస్తవ్?"

"ఏం చేస్త? పీనుగు తోటి గుంతల వేస్త. మళ్ళ ఇంటికి రాదది."

"మరి గిది నా తాడు. మొదటి మేడకు నన్ను గిట్లనే కొలిచిండ్రు. ఏడంతస్తులకు కొలిచిండ్రు, పదకొండుకు కొలిచిండ్రు. గీ తాడుతోనే నా బిడ్డకు ఉయ్యాల కట్టిన. పునాదిల వడేటిదైతే ఇంటికెట్ల వచ్చింది? నేను చచ్చిన్నా?"

పోశం తాడును చేత్తో తడిమి చూసి తిరిగి ఇచ్చేశాడు. కొమురవ్వ మాత్రం ఊరుకోలేదు.

"నువ్వు ఆని పెండ్లానివి. ఇంటిదాన్ని దాసుకొని ఊరోళ్ళను ఇస్తడు. గా మాత్రం తెల్వదా మాకు?"

"నిజమే" అన్నారు వెనకనుంచి. ఆమె మాట గాలికి పోయింది. నాగవ్వ ఇంకా కళ్ళు తెరవలేదని కొట్టం వైపు నుంచి ఒకతె అరిచింది. గట్టయ్య రోకలి మళ్ళీ సవరించుకున్నాడు.

లస్మవ్వ చుట్టూ చూసింది. గట్టయ్య ఇంటి గోడకు తొక్కి పెట్టిన మెత్తటి మట్టి పక్కనే కుప్పగా ఉంది. హనుమండ్లు బొంబాయి నుంచి తెచ్చిన ఇనుపతట్టలు వేపచెట్టు కింద ఉన్నాయి. ఎదురుగా గడి మెట్లు.

"ఎందుకు కొలిచిండో నోటితోని చెప్పినా మీరు ఇనరు. చూపిస్త. గా మెట్ల మీద నిలబడి గీ మట్టిని మిద్దె మీదికి పంపుదాం. కొలిచినోళ్ళు పైకి రండ్రి."

ఒక్కతె కూడా కదల్లేదు. అత్తలు కోడళ్ళ కొంగులు పట్టుకున్నారు, తండ్రులు బిడ్డల జబ్బలు పట్టుకున్నారు. గడి మెట్లు ఎక్కమంటోంది, అదీ బలికి కొలిచినవాళ్ళను ఎక్కమంటోంది. ఎవరు వస్తారు?

"కొలువనోళ్ళే రండి మరి. మీకేం భయం? మీ తాడు లేదు గద."

పొద్దున్నే పొట్టిగా ఉన్నారని పక్కకు పంపిన ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కొలతలో కుదరని పొడుగు మనిషి అనసూర్య మెల్లగా ముందుకు వచ్చింది. ఆమె వెనక పొట్టి కిష్టవ్వ, ఆ వెనక మరికొందరు. లస్మవ్వ వాళ్ళను మెట్ల మీద ఒకరి పైన ఒకరిని నిలబెట్టింది. ముఖం గోడవైపు, వీపు గాలివైపు.

"గోడ దిక్కే చూడాలె. కిందికి చూడొద్దు. కింది మనిషి తట్టను తల మీదికి ఎత్తుతది, పై మనిషి వంగి అందుకుంటది. గంతే" అంది. మెట్ల కింద నిలబడ్డ మగవాళ్ళను దూరంగా తరిమింది. "దీని కింద ఎవ్వలు ఉండొద్దు. పిల్లల్ని అవతలికి తీస్కపోండి."

తట్ట నింపి అందించేవాళ్ళు మాత్రం కిందే ఉండాలి. అక్కడ తానే నిలబడింది.

స్తంభానికి కట్టి ఉన్న హనుమండ్లుకు ఆమె ఏం చేయబోతోందో అప్పుడు అర్థమైంది. "వద్దే! లస్మీ, గా వరుసతోని వద్దే!" అని తలుగు తెగేట్టు గుంజుకున్నాడు.

"నోర్ముయ్యి. పొద్దుగాల చెప్పమంటే చెప్పలే. ఇప్పుడు మాట్లాడ్తవా?"

మొదటి తట్ట లేచింది. రెండు చేతులు మారి అనసూర్య దగ్గరికి వచ్చింది. అనసూర్య తన ఎత్తుకు తగ్గట్టు దాన్ని పైకి లేపింది. పై మెట్టు మీద కిష్టవ్వ వేళ్ళు తట్ట అంచుకు తగిలీ తగలక ఆడాయి. ఒక చేయి అందింది, రెండోది అందలేదు. తట్ట ఒక పక్కకు వంగింది. మట్టి ముద్దగా జారి అనసూర్య ముఖాన పడింది. ఆమె కళ్ళు మూసుకుని చేతులు వదిలేసింది. ఇనుపతట్ట మెట్ల అంచుకు కొట్టుకుని, గాలిలో తిరుగుతూ కిందికి వచ్చింది.

లస్మవ్వ తల తప్పించింది. భుజం తప్పించలేకపోయింది. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడు గుంపు చివరన ఉన్నవాళ్ళకు కూడా వినిపించింది.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. అరవలేదు. పై మెట్ల మీద ఆడవాళ్ళు గోడకు బల్లుల్లా అతుక్కుపోయారు. అనసూర్య కింది మెట్టు కోసం తల తిప్పబోయింది, వీపు వెనక ఏమీ లేదు.

"కిందికి చూడకు అనసూర్యా" అంది లస్మవ్వ, పళ్ళ బిగువున. "గోడను వట్టుకో. ఒక్కొక్క మెట్టు దిగు. నేనున్న."

చివరి మనిషి నేల మీద కాలు పెట్టేదాకా ఆమె అట్లాగే మాట్లాడుతూ ఉంది. తరువాత కుడిచేత్తో ఎడమచేతిని ఒళ్ళో పెట్టుకుని గుంపు వైపు తిరిగింది.

"చూసిండ్రా? ఇద్దరు మనుషుల ఎత్తు నుంచి పడితేనే నా భుజం గిట్లయింది. గా మేడ మీద ఇరవై అంతస్తుల దాకనే యంత్రం సిమెంటు మాలును పైకి తెస్తది. ఆపైన రెండంతస్తులు మనుషులే నిచ్చెన మీద వరుసగ నిలబడి చేతులతోని పంపాలె. ఒక్కతె పొట్టిగున్నా, ఒక్కతె పొడుగున్నా తట్ట వంగుతది. అక్కడికెల్లి పడితే కింద ఉన్నోళ్ళు ఏమైతరు? మనోళ్ళు చావొద్దని కొలిచిండురా ఆయన. చచ్చెతందుకు కాదు."

అయినా ఎవరూ తలుగు విప్పడానికి రాలేదు. నాగవ్వ పడిపోయిన మాట పడిపోయినట్టే ఉంది. గట్టయ్య రోకలిని నేలకు ఆనించి, దిక్కు తోచక కొట్టం వైపే చూస్తున్నాడు.

కొట్టం వైపు నుంచి ఇద్దరి భుజాల మీద చేతులేసి నాగవ్వే నడుచుకుంటూ వచ్చింది. జుట్టు తడిసి ముఖానికి అంటుకుని ఉంది.

"అయ్యో, లేచినవా బిడ్డా!" అని కొమురవ్వ ఎదురు ఉరికింది.

"పొద్దటి సంది ఏం తినక ఒక్కపొద్దు ఉన్న గద అత్తా. కండ్లు తిరిగినయ్" అంది నాగవ్వ. అందరి ముఖాలూ, స్తంభానికి కట్టిన మనిషినీ చూసి బిత్తరపోయింది. "గిదేంది? ఏమైంది? నా తాడు తీసేసిండ్రా ఏంది? పడిపోయిన్నని నన్ను తీస్కపోరా అక్కా?"

ఆ పిల్ల భయం అది. ఎవరో ఫక్కున నవ్వారు, ఆ నవ్వు సగంలోనే ఆగింది. లస్మవ్వ సంచి వైపు తల ఊపింది. "నీ తాడు అండ్లనే ఉన్నది. గిన్ని మజ్జిగ తాగి కూసో."

నాగవ్వ కూర్చోలేదు, పోయి మొదటి మెట్టు మీద నిలబడింది. కొలతకు కుదిరినవాళ్ళలో నుంచి ఒక పిల్ల మామ చేయి విదిలించుకుని మెట్ల వైపు వచ్చింది. ఆమెను చూసి ఇంకొకతె, ఆమె వెనక మరొకతె. మెట్టుకొకరు చొప్పున నిలబడ్డారు. భుజాలన్నీ ఒక వాటంగా ఉన్నాయి. లస్మవ్వ కింద కూర్చునే పిలిచింది. "ఎత్తు... అందుకో... వదులు." తట్ట చేతుల మీదుగా, నీళ్ళలో పడవ పోయినట్టు, ఎక్కడా వంగకుండా పైకి పోయింది. గడి మిద్దె మీద మట్టి పడ్డ చప్పుడు అయింది. దొర తప్ప ఊళ్ళో ఎవరూ కాలు పెట్టని చోట మా ఊరి ఆడపిల్ల నిలబడి ఖాళీ తట్ట ఊపింది.

గట్టయ్య రోకలి పడేసి తలుగు విప్పాడు. హనుమండ్లు కట్లు విడిపోగానే పెళ్ళాం దగ్గరికి వచ్చి, భుజం ముట్టుకోబోయి, ముట్టుకోలేక ఏడ్చాడు.

"మీకెందుకే అన్నవ్ గద" అంది ఆమె. "గిందుకే."

వెదురు బద్దలు పెట్టి, కోడిగుడ్డు సొన పట్టించి కట్టు కట్టారు. ఎముక అతికింది కానీ వంకరగా అతికింది. చేయి భుజం దాటి లేవదు. ఇక వరుసలో ఆమె నిలబడలేదు. ఇంకెవరైనా అయితే ఊళ్ళో కూర్చుని తన రాతను తిట్టుకునేవాళ్ళు. జమ్మికుంట స్టేషనులో రైలెక్కిన రోజు ఇరవై రెండుమందికి ముందు నడిచింది లస్మవ్వే. వెనక గట్టయ్య మూట మోస్తూ వచ్చాడు. "పెండ్లాం పైన ఉంటే కింద మాలు కలుపుత. ఒక్కదాన్ని తోలిస్తనా?" అన్నాడట.

ఒంటి చేయి మనిషికి ఏం పని అని బొంబాయి మేస్త్రీ అడిగాడు. "పిలుస్తది" అన్నాడు హనుమండ్లు. అంతే. పై రెండంతస్తుల పని అంతా ఆమె గొంతు మీదే నడిచింది. ఆఖరి స్లాబు పోసే రోజు సముద్రం మీద నుంచి మబ్బు లేచింది. స్లాబు మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు, ఆపితే అతుకు పడుతుంది. గాలికి బొంగులు కిర్రుమంటున్నాయి. నిచ్చెన నడుమ నాగవ్వ కాళ్ళు వణకడం లస్మవ్వ పైనుంచి చూసింది. కింద ఇరవై అంతస్తులు ఉత్త గాలి.

"నాగవ్వా, గడి గోడ దిక్కు చూడు" అని పిలిచింది. అక్కడ గడీ లేదు, గోడా లేదు. నాగవ్వ మాత్రం ముఖం తిప్పి బొంగు వైపు చూసింది. కాళ్ళు నిలిచాయి. "ఎత్తు... అందుకో... వదులు." మొదటి చినుకు పడేసరికి ఆఖరి తట్ట పైకి వచ్చింది. ఆ మేడ పని మొత్తంలో ఆ వరుస నుంచి ఒక్క తట్ట కూడా కింద పడలేదు. ఎర్రగుంటపల్లికి అది ఎంత పేరో వేరే చెప్పాలా?

ఆ తరువాత ఊళ్ళో చాలా మారింది. హనుమండ్లు ఎవరిని కొలిచినా ముందు ఎందుకో చెప్పి మరీ కొలిచాడు. పోశం మాత్రం లస్మవ్వ ఎదురుపడితే తల వంచుకుని పక్కకు తప్పుకునేవాడు. ఆమే ఆపి, "ఏం మామా, బాగున్నవా?" అని పలకరించేది.

నాలుగైదేళ్ళకు ఒక వానాకాలం పోశం పోయాడు. కొడుకు బెల్లంపల్లి బొగ్గుబాయిలో ఉన్నాడు. వాగులు పొంగి సమయానికి రాలేకపోయాడు. గుంత తవ్వడానికి మగవాళ్ళు పారలు పట్టుకుని వచ్చారు. కానీ కొలవడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఆ పని ఆయన తప్ప ఇంకెవరూ చేసి ఎరుగరు. ఆ తాడంటే ఊళ్ళో ఇంకా భయమే. వాన జోరు పెరుగుతోంది, పీనుగ వాకిట్లో ఉంది.

లస్మవ్వ ఇంట్లోకి వెళ్ళి కొత్త నూలుతాడు తెచ్చింది. పోశం తల దగ్గర ఒక కొస పట్టుకొమ్మని గట్టయ్యకు ఇచ్చింది. తాను వంగి, కుడిచేత్తో తాడు లాగి, ఆయన మడిమ దగ్గర ఆపింది.

"ముడి వెయ్యాల్నా అక్కా?" అని అడిగాడు గట్టయ్య.

"వద్దు. గిది మళ్ళ ఇంటికి రాదు."

తాడు తెంపి అతని చేతిలో పెట్టింది. గట్టయ్య దాన్ని తీసుకుపోయి పోశంతో పాటు గుంతలో వేశాడు.